మూతగిన్నె

నమోదు 1

సేవాదళం నియమావళి ప్రకారం ఈ లాగ్‌లో వాతావరణం, నీటి నాణ్యత, నా ఆరోగ్యం మాత్రమే రాయాలి. అభిప్రాయాలు రాయకూడదు. సరే. వాతావరణం: దుమ్ము. నీటి నాణ్యత: బాగుంది. ఆరోగ్యం: ముక్కులో గాలిగొట్టం పెట్టుకుని తిరిగే మనిషి ఆరోగ్యం ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇక అభిప్రాయాలు రాసుకుంటాను, ఎవరు చదువుతారో చూద్దాం.

ఓడ దిగి, ఎర్రమైదానం మీద బండిలో పడి వచ్చాను. కెరువ గ్రహంలో ఇసుక లేని చోటు లేదు. చొక్కాలో, బూట్లలో, చివరికి మూత బిగించిన సీసాలో కూడా ఇసుకే.

చెవిలో పెట్టిన అనువాద యంత్రం సంగతి ముందే చెప్పాలి. బయల్దేరేముందు దానికి మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగు కొంత వినిపించమన్నారు. టెక్కలి దగ్గర మా అమ్మమ్మ రోజంతా మాట్లాడిన మాటల రికార్డింగులు నా దగ్గర బోలెడున్నాయి. అవే వినిపించాను. దాంతో ఇప్పుడు ఈ గ్రహం మొత్తం మా అమ్మమ్మలా మాట్లాడుతోంది. గడ్డాలున్నవాళ్ళు కూడా.

నాకు బస ఇచ్చినావిడ పేరు సెవా. యంత్రం ఆ పేరుకు, మా వైపు అక్కను పిలిచినట్టు, 'అప్ప' అని తగిలించింది, నేనూ అలాగే పిలుస్తున్నాను. పెద్ద గొంతు, పెద్ద చేతులు, చేతిలో ఎప్పుడూ గరిటె.

"రామ్మా, కూకో. ముక్కులో ఆ గొట్టవేటి, పడిసెమేటి?" అంది.

పొయ్యి మీద పాచిగింజల చిక్కటి జావ ఉడుకుతోంది. యంత్రం దాన్ని అంబలి అంది, నేను వాదించలేదు. అందరికీ మామూలు గిన్నెల్లో పోసింది. తలుపు సందులోంచి వచ్చే ఇసుక వాళ్ళ గిన్నెల్లో పడుతోంది, వాళ్ళు తింటున్నారు. నాకు మాత్రం చక్కటి రేకుమూత ఉన్న గిన్నె ఇచ్చింది. ఎంత మర్యాద! పరాయి గ్రహంలో ఇంత గౌరవం దొరుకుతుందని అనుకోలేదు.

నేను మూత తీస్తుండగా బయట ఎవరో "తాడో!" అని కేకేశారు. అంతే, ఇంట్లో ఉన్న అందరూ గిన్నెలు కింద పెట్టి పరుగెత్తారు. సెవా అప్ప గరిటెతో సహా వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి అంబలి మాడిపోయింది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

నమోదు 2

వాతావరణం: దుమ్ము. నీటి నాణ్యత: బాగుంది.

నా పని ఊరి నీటి జల్లెడలు కడగడం, వాటిలో ఏం చిక్కిందో చూసి పైకి చెప్పడం. నీళ్ళు మైదానం మధ్యలో ఉన్న మడుగు నుంచి గొట్టంలో వస్తాయి. ఆ మడుగు అడుగున గట్టి బంకమన్ను పొర ఉంది. నీళ్ళు ఇంకిపోకుండా ఆపేది అదే. చుట్టుపక్కల ఇంకెక్కడా నీళ్ళు లేవు.

ఇక్కడి ఇళ్ళు కదులుతాయి. నీటికాలంలో ఊరంతా మడుగు చుట్టూ ఉంటుంది. గాలికాలం రాగానే ఇళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి ఈ గోడకొండ చాటున పెడతారు, లేకపోతే గాలికి లేచిపోతాయి. ఇల్లంటే తేలికపాటి గోడలు, ఒక పొయ్యి, కింద రెండు నున్నటి దూలాలు. వెనకబడిన ఇళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏదైనా దిగబడితే ఆ ఇంటివాళ్ళు తాడు ముందుకు విసిరి కేకేస్తారు. వినబడిన ప్రతివాళ్ళూ వెళ్ళి పట్టుకోవాలి.

ఇవాళ నేనూ వెళ్ళాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. స్థానికుల పనుల్లో, గొడవల్లో వాలంటీర్లు చెయ్యి పెట్టకూడదని నియమం. పెడితే వచ్చే ఓడలోనే ఇంటికి పంపేస్తారు.

"ఇల్లు ఎవరిది అప్పా?" అని అడిగాను.

"ఎవులిదైతే ఏటి?"

"ఒకవేళ గిట్టనివాళ్ళదైతే?"

"అలగైతే ముందు లాగీసి, ఆనక తిట్టుకుంతాం. తాడు కాడ తగువులు పెట్టుకుంతారేటి ఎవులైనా?"

లాగినవాళ్ళందరికీ ఆ ఇంటి పొయ్యి మీద వండినది పెడతారట. తాడు పట్టినవాళ్ళు ఆ ఇంటి మనుషుల కిందే లెక్కట. నేను లాగలేదు కదా, నాకు పెట్టరేమో అనుకున్నాను. పెట్టారు, మూతగిన్నెలో. నా అంబలిలో ఒక్క ఇసుక రేణువూ లేదు.

నమోదు 4

మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చాడు. బూడిదరంగు కోటు, నడుముకు కర్ర, భుజం మీద గనుల కంపెనీ గుర్తు. వయసులో ఉన్నవాడే. సెవా అప్ప లేచి నిలబడి, "రండి బాబూ, కూకోండి" అని మూతగిన్నెలో అంబలి పోసింది. "తినండి, సల్లారిపోతాది" అంది. అతను తలొంచుకుని మూత తీశాడు. రెండు ముద్దలు తిని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఎవరప్పా ఆ ఆఫీసరు?"

"ఆఫీసరేటి! ఆడు తోరు. నా కొడుకు. కంపెనీకి కాపలా కాత్తన్నాడు, ఆ జట్టుకి పెద్ద."

కన్నకొడుకును 'మీరు' అంటుందా?

"కంపెనీలో సేరినాక ఓ పాలి తాడు పిలుపొచ్చినాది" అని ఆమే చెప్పింది. "దొరతో ఎల్తన్నాడు. ఆగలేదు. ఆ సాయంత్రం ఇంటికొత్తే మూతగిన్నె పెట్టినాను. పరాయోలకి ఇసక పడకూడదు గదా. మనోలకైతే పడనీ, ఏటైపోతాది!"

పొయ్యిలో పిడక సర్దుతూ అటు తిరిగిపోయింది. కళ్ళు తుడుచుకోవడం చూశాను. నా పక్కనే కడిగి బోర్లించిన నా గిన్నె ఉంది, దాని మీద తళతళలాడే మూత. ఇన్నాళ్ళూ దాన్ని చూసి మురిసిపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నమోదు 7

వాతావరణం: గాలి పెరిగింది. నీటి నాణ్యత: ఎరుపు.

జల్లెడ కడిగితే బంకమన్ను ముద్దలుగా వచ్చింది. మళ్ళీ కడిగాను, మళ్ళీ వచ్చింది. మడుగు అడుగున ఎవరో గుచ్చుతున్నారు. ఊరివాళ్ళతో కలిసి మైదానంలోకి నడిచాను, నీళ్ళు ఎక్కడ చెడుతున్నాయో చూడటం నా పనే కాబట్టి.

మడుగు పక్కన కంపెనీ యంత్రం ఉంది. ఒక చిన్న కొండంత ఉంటుంది. దానికి కంపెనీ పెట్టిన పేరేమిటో గాని, మా అమ్మమ్మ యంత్రం మాత్రం 'పందికొక్కు' అంది. మడుగు కింద నీలిరాయి ఉందట. ముందు సన్నటి బొరియలు వేసి చూశారు, ఇక అసలు తవ్వకం. బంకమన్ను పొర చిరిగిందా, నీళ్ళన్నీ కిందికి పోతాయి. ఊరు ఖాళీ చేయక తప్పదు.

ఊరివాళ్ళు దాని ముందు నిలబడ్డారు. సెవా అప్ప అందరికంటే ముందు. తోరు జట్టు వచ్చి ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. తల్లి దగ్గరికి వచ్చేసరికి తోరు ఆగిపోయాడు. వేరే ఇద్దరు వచ్చి తీసుకెళ్ళారు.

కంపెనీ అధికారి బండి దిగకుండానే మైకులో మాట్లాడాడు. అతనూ నాలాగే భూమి మనిషి, ఏ దేశమో తెలియదు. నా చెవిలోకి మాత్రం అమ్మమ్మ గొంతే వచ్చింది. "గాలికాలంలో ఈ సోట మడిసన్నోడు ఉండడు. మీరే ఎల్లిపోతారు గదా! మరేటి మీకు అడ్డం?"

బెదిరింపు అమ్మమ్మ యాసలో వింటే ఎంత చిరాకో చెప్పలేను. చెవిలోది పీకి పారేద్దామనిపించింది.

మా సమన్వయకర్త మార్తా మేడమ్‌కు రేడియోలో అంతా చెప్పాను. "నీళ్ళ రంగు చెప్పావు, మంచిది. మిగతాది మన పని కాదు. చేతులు కట్టుకునే ఉండు, పైనుంచి చూస్తూనే ఉంటాం" అంది. పైన మా ఉపగ్రహం ఉంది మరి.

నమోదు 8

ఊరంతా సెవా అప్ప ఇంట్లో, ఇంటి చుట్టూ కూర్చుంది. చాలాసేపు అందరూ ఒకేసారి అరిచారు. అప్పుడు ఎమ్మిరి తాత నోరు విప్పాడు. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, ఆయన మాట్లాడితే మిగతావాళ్ళు ఆగుతారు.

"పొయ్యి సట్టం ఉన్నాది గదా" అన్నాడు.

నాకు తెలియదని నా వైపు తిరిగి చెప్పాడు. "ఎనకటికి ఓ యంత్రం నిద్దరోతన్న ఇంటి మీద నుంచి ఎల్లిపోనాదమ్మా. అప్పుడు సేసినారు ఈ సట్టం. పొయ్యి యెలుగుతున్న ఇల్లు దాని కంటికి ఆనితే ఆగిపోవాల. దొరలు సెప్పినా కదలదు. ఓ కాలంలో పొయ్యి సూసిన సోటు ఆ కాలంలో ఇంకెప్పుడూ తవ్వదు. నీటికాలంలో మన పొయ్యిలు సూసినాది, అందుకే అప్పుడు రాలేదు. గాలికాలంలో ఎప్పుడూ సూడలేదు."

సెవా అప్ప గరిటె పక్కన పెట్టింది.

"అయితే సూపిద్దాం" అంది.

మళ్ళీ గోల. గాలికాలంలో ఇళ్ళు మైదానంలోకా? లేచిపోవూ? ఒక ఇల్లు లేచిపోతుంది, పది ఇళ్ళయినా లేచిపోతాయి అన్నారు. అన్ని ఇళ్ళనూ గుండ్రంగా చేర్చి, ఒకదానికొకటి తాళ్ళతో కట్టేస్తే ఆగుతాయని ఎమ్మిరి తాత అన్నాడు. ఆగకపోతే? ఆగకపోతే ఊళ్ళో ఒక్క ఇల్లు మిగలదు. అది కూడా ఆయనే చెప్పాడు.

ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. చంటిపిల్లల తల్లులు ఏడ్చారు. చివరికి సెవా అప్ప అంది: "నీల్లు పోతే ఎలాగూ పోతాం. ఇల్లట్టుకుని పోదాం."

ఆ తర్వాత ఎవరూ కాదనలేదు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇది అభిప్రాయం కిందికి వస్తే రానీ.

నమోదు 9

వాతావరణం: గాలి, ఏమాత్రం దయ లేని గాలి. నీటి నాణ్యత: చూడలేదు. ఆరోగ్యం: అరచేతుల్లో తోలు లేదు.

తెల్లవారగానే ఊరు కదిలింది. ఇళ్ళన్నీ వరసగా, ప్రతి ఇంట్లో పొయ్యి వెలుగుతూ, పొగగొట్టాల్లోంచి పొగ పక్కకు వంగిపోతూ. ఒక ఊరు నడవడం నేను ఎన్నడూ చూడలేదు. పిల్లలను మంచాలకు కట్టేశారు, గిన్నెలు గోడలకు కొట్టుకుంటున్నాయి, ఇన్ని మోతల మధ్య ఎవరో పాట మొదలుపెట్టారు. నేను పక్కన చేతులు కట్టుకుని నడిచాను. ఎవరైనా అడిగితే నీటి నాణ్యత పరిశీలనకు వెళ్తున్నానని చెబుదామనుకున్నాను.

అన్నిటికంటే ముందు సెవా అప్ప ఇల్లు. ఆమె లోపలే ఉంది, పొయ్యి ఆరకుండా చూసుకుంటూ.

మడుగు దగ్గరికి వచ్చేసరికి మా ఉత్సాహం చల్లబడింది. కంపెనీవాళ్ళు మమ్మల్ని దూరం నుంచే చూసి, మడుగు చుట్టూ గాడి తవ్వించారు. ఇళ్ళ దూలాలు దాటలేనంత లోతు. అవతలి గట్టు మీద కాపలావాళ్ళు కర్రలతో వరసగా నిలబడ్డారు, మధ్యలో తోరు. వాళ్ళ వెనక బండిలో అధికారి, ఇంకా వెనక పందికొక్కు. దాని ముందున్న గట్టు పొయ్యిలను దాని కంటికి కనబడనివ్వడం లేదు. మేం గాడి దాటి గట్టెక్కితేనే దానికి కనిపిస్తాం.

"ఎనక్కి పొండర్రా!" అని మైకు అరిచింది.

పలకలు తెచ్చి గాడి మీద వేద్దామని ఎమ్మిరి తాత చెబుతుండగానే గాలి ఒక్క విసురు విసిరింది. సెవా అప్ప ఇల్లు సర్రున ముందుకు జారి, ముందు దూలాలు గాడిలో పడ్డాయి. ఇల్లు ముక్కు నేలకు ఆనించి, వెనక భాగం పైకి లేచి ఊగుతోంది. లోపల పొయ్యిలోని నిప్పులు దొర్లినట్టున్నాయి, తలుపులోంచి నల్లటి పొగ. వెనక్కి లాగడానికి లేదు, దూలాలు ఇరుక్కుపోయాయి. ఇంకొక్క గాలి వస్తే బోర్లా పడి అంటుకుంటుంది. ఆమె లోపలే ఉంది.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. పొగలోంచి ఒక చెయ్యి కనిపించింది. తాడు గాల్లోకి లేచి అవతలి గట్టు మీద పడింది.

"తాడో!"

అవతల ఉన్నది కాపలావాళ్ళే. తాడు కొస తోరు కాళ్ళ దగ్గర పడింది.

అతను ఆలోచించాడని నేను అనుకోను. ఆలోచించడానికి సమయం ఉంటే ఏం చేసేవాడో తెలియదు. కర్ర ఎప్పుడు కింద పడిందో అతనికే తెలియదు. తాడు అతని చేతుల్లో ఉంది. అతని పక్కవాడి చేతుల్లో, ఆ పక్కవాడి చేతుల్లో కూడా ఉంది. ఆ కేక వింటూ పెరిగిన మనుషులు మరి, కోటు తొడిగితే చేతులు మారతాయా? గట్టు మీద కర్రలు పడి ఉన్నాయి, కాపలావాళ్ళందరూ తాడు మీద ఉన్నారు.

"తాడొగ్గీండర్రా! ఒగ్గీండి!" అని అధికారి మా అమ్మమ్మ గొంతుతో గోల పెట్టాడు.

అదే సమయంలో గాలి మళ్ళీ కొట్టింది. ఇంటి వెనక భాగం ఇంకా పైకి లేచింది. ఇటువైపు, ఇల్లు బోర్లా పడకుండా వెనక తాడు పట్టి కిందికి లాగుతున్న ఊరివాళ్ళు చాలడం లేదు. ఇక్కడ నిజం రాయాలి. నా చేతులు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియదు. నేను ఆ తాడు మీద ఉన్నాను, అరుస్తున్నాను, ముక్కుగొట్టం ఊడి మెడలో వేలాడుతోంది. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. నా జీవితంలో ఇంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు.

ఇల్లు కిర్రుమంది, మూలిగింది, ముక్కు పైకెత్తింది. ఒక్కసారిగా గట్టెక్కింది.

సెవా అప్ప బయటికి వచ్చింది. ముఖమంతా మసి, చేతిలో గరిటె. పొయ్యి ఆరలేదు. రొప్పుతున్న కాపలావాళ్ళను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. వాళ్ళు తలలు దించుకున్నారు.

"ఎనక ఇంకా ఇల్లున్నాయి. నిలబడిపోనారేటి?" అంది.

వాళ్ళు రెండో ఇంటి వైపు పరుగెత్తారు.

నమోదు 10

నిన్న రాయలేకపోయిన మిగతా సంగతి. వేళ్ళు వంగలేదు.

గాడిని పూడ్చిందెవరనుకున్నారు? కాపలావాళ్ళే, కంపెనీ పారలతోనే. ఇళ్ళన్నీ దాటి మడుగు చుట్టూ గుండ్రంగా చేరాయి. తాళ్ళతో ఒకదానికొకటి కట్టేశాం. నేనూ ముడులు వేశాను, వాటిని ఎమ్మిరి తాత విప్పి మళ్ళీ వేశాడు.

అధికారి తోరును పిలిచి పొయ్యిలు ఆర్పమన్నాడు.

"నాను తాడట్టిన ఇల్లు అది" అన్నాడు తోరు. "మా ఇంట్లో పొయ్యి నానే ఆర్పుకుంతానేటి?"

ఇక తనే తేల్చుకుందామని అధికారి పందికొక్కును కదిలించాడు. అది నేల అదురుతూ వచ్చింది. నేను సెవా అప్ప చెయ్యి పట్టుకున్నాను, లేదా ఆమే నాది పట్టుకుందేమో. దాని నుదుటి మీద పెద్ద కన్ను ఉంది. అది ఒక్కో ఇంటినీ చూసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది.

ఆగింది.

అధికారి మీటలన్నీ నొక్కాడు. అది కదల్లేదు. దాని దీపాలు పసుపు నుంచి ఎరుపుకు మారాయి. పొట్టలోంచి ఒక మొద్దు గొంతు వచ్చింది, దాన్నీ నా చెవిలోది వదల్లేదు: "ఇక్కడ ఇల్లున్నాయి. పొయ్యిలు యెలుగుతున్నాయి. ఇది గాలికాలం. ఇది తవ్వకూడని సోటు." తర్వాత తన ఇనప మోకులన్నీ చుట్టుకుని వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే పోయింది. అధికారి బండి దాని వెనక పరుగు తీసింది.

సెవా అప్ప గరిటెతో గిన్నె మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఆ తర్వాత ఊళ్ళో మోగని గిన్నె లేదు. నేను చేతికందిన మూత తీసుకుని దాంతోనే కొట్టాను. అది సొట్టపోయేదాకా కొట్టాను.

సాయంత్రానికి అసలు గాలి వచ్చింది. తాళ్ళు బిగుసుకుని రోద పెట్టాయి, ఇళ్ళన్నీ ఒక్కటై ఊగాయి. ఒక్కటీ లేవలేదు.

నమోదు 11

వాతావరణం: గాలి. నీటి నాణ్యత: జల్లెడ కడిగాను, తెల్లగా ఉంది. ఆరోగ్యం: దివ్యంగా ఉంది.

మార్తా మేడమ్ నుంచి కబురు వచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మలో నేను తాడు పట్టుకుని కనిపించానట. గొట్టం లేకుండా, నోరు తెరిచి. వచ్చే ఓడలో తిరిగి రావాలి, ఇక ఈ లాగ్ రాసే హక్కు కూడా నాకు లేదు.

సెవా అప్పకు చెప్పాను.

"ఎవులింటి మడిసిని ఎవులు పంపేత్తారు?" అంది. ఎమ్మిరి తాతను కేకేసింది. తాడు పట్టినవాళ్ళు ఆ ఇంటివాళ్ళేనని ఇక్కడి చట్టంలోనూ ఉందట, కావాలంటే తనే వచ్చి ఓడవాళ్ళకు చెబుతానన్నాడు తాత. జల్లెడలు కడగడానికి ఎవరో ఒకరు కావాలి కదా. మేడమ్‌కు రెండు ముక్కల్లో జవాబు పంపాను: రావడం లేదు.

ఇంకో మాట అడగాలనిపించి అడిగాను. "అప్పా, అవతల ఉన్నది తోరు అని తెలిసే విసిరావా?"

"ముందర ఎవులున్నారో సూసి తాడు ఇసురుతారేటి?" అంది. అంటూనే నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

తోరు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. కంపెనీ కోటు ఒంటి మీద లేదు. అది పొయ్యి దగ్గర ఉంది, వేడి గిన్నె దించడానికి మసిగుడ్డ అయింది. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు చూస్తున్నాడు.

"గాలి లోనికి కొట్టేత్తంది, తలుపేసి కూకోరా" అంది తల్లి. మూత లేని గిన్నె ముందుకు తోసింది. "తినరా."

అతను తలుపేసి వచ్చి గిన్నె ముందు కూర్చున్నాడు. తర్వాత ఇద్దరూ ఏడ్చారు, దాచుకోలేదు. నేనూ ఏడ్చాను.

తర్వాత నా గిన్నె వచ్చింది. అలవాటు కొద్దీ మూత కోసం వెతికాను. మొన్న సొట్టపోయిన మూత గుర్తొచ్చింది.

"మూత నేను పాడుచేశానప్పా, కొత్తది..."

"మూతేటే నీకు? తిను, సల్లారిపోతాది."

తిన్నాను. అంబలి నిండా ఇసుక, ప్రతి ముద్దా పళ్ళ కింద కరకరలాడింది. గిన్నె నాకేసి, ఇంకాస్త పోయమన్నాను.